ఇద్దరి ఒడంబడికలో మూడవవాని హక్కు

పూర్వము ఊరిలో అంగడి ఎవరిదని అడిగినచో చిన్నపిల్లవాడైనను సమాధానము చెప్పగలిగెడివాడు. అంగడికి యజమాని పేరే పేరు. సరకు బాగుండనిచో నిలదీసి అడుగవలసిన మనిషి గల్లాపెట్టె వెనుకనే కూర్చుండి యుండెడివాడు. నేడు పరిస్థితి అట్లు లేదు. నెల్లూరు తీరమందలి బోగోలు వంటి ఊరిలో తెరచిన అంగడికైనను పైనున్న పలకమీద దేశమంతట తెలిసిన కంపెనీ పేరు పెద్ద అక్షరములతో ఉండవచ్చును. చేతికిచ్చు రసీదు అడుగున మాత్రము వేరొకరి పేరు చిన్న అక్షరములతో ఉండును. పలకమీది పేరు చూచి మనము లోపలికి పోవుదుము. డబ్బు పుచ్చుకొనువాడు రసీదుమీది పేరు గలవాడు. ఈ రెండు పేర్లకు నడుమ ఒక కాగితము కలదు. దానినే ఫ్రాంచైజీ ఒడంబడిక అందురు. ఆ కాగితమును మనము చూచి యెరుగము. దానిమీద మన సంతకము లేదు. అయినను అందలి మాటలవలన మనకు మేలో కీడో కలుగుచున్నది. ఆ మాట తప్పినపుడు మనము న్యాయస్థానమునకు పోవచ్చునా? ఈ ప్రశ్ననే నేడు శ్రోతలతో కలిసి విచారింప దలచితిమి.

మొదట ఫ్రాంచైజీ అననేమో తెలిసికొందము. ఒక కంపెనీకి పేరు, వ్యాపార చిహ్నము, ఒక పని పద్ధతి కలవు. వానిని ఒక ప్రాంతమున కొంతకాలము వాడుకొనుటకు ఆ కంపెనీ మరియొకనికి అనుమతి ఇచ్చును. అతడు ప్రారంభమున కొంత రుసుమును, తరువాత అమ్మకములపై కొంత వాటాను చెల్లించును. పెట్టుబడి అతనిది, గది అద్దె, పనివారి జీతములు, నష్టభయము అతనివే. పేరు, పద్ధతి మాత్రము కంపెనీవి. మన దేశమున ఫ్రాంచైజీలకని ప్రత్యేకముగా చేసిన చట్టము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే వీనికి మూలాధారము. సంతకము చేసిన ఇద్దరి నడుమ ఆ చట్టము గట్టిగానే పట్టును. శీతల పానీయములను సీసాలకెత్తు గుజరాత్ బాట్లింగ్ కంపెనీకి, కోకాకోలా కంపెనీకి నడచిన వ్యాజ్యమున 1995లో సుప్రీంకోర్టు ఇట్టి ఒడంబడికను పరిశీలించెను. ఒడంబడిక అమలునందున్నంత కాలము పోటీ కంపెనీ సరకు చేయరాదను నిబంధన చెల్లునని తీర్పు చెప్పెను. ఇది ఇద్దరి మాట. మన ప్రశ్న మూడవవానిని గూర్చినది.

ఒక ఉదాహరణము చెప్పుకొందము. ఇది కేవలము ఊహయే కాని ఏ సంస్థనూ ఉద్దేశించినది కాదు. బోగోలులో ఒకరు పేరుమోసిన సంస్థ ఫ్రాంచైజీ తీసికొని ప్రవేశపరీక్షలకు శిక్షణ ఇచ్చు కోచింగు సెంటరు తెరచిరనుకొందము. ఒడంబడికలో అతడు సంస్థకు కొన్ని మాటలు వ్రాసి ఇచ్చెను. బోధించువారికి తగిన అర్హత ఉండవలెను. నడుమ సెంటరు మూసివేయవలసి వచ్చినచో, విద్యార్థుల ఫీజు లెక్కకట్టి తిరిగి ఇయ్యవలెను. అతడు ఇయ్యనిచో సంస్థయే వారిని వేరొక సెంటరులో చేర్చుకొనును. జువ్వలదిన్నె నుండి ఒక మత్స్యకారుడు వచ్చి తన కుమార్తెను అందు చేర్చెను. మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరబోట్ల వేటకు నిషేధము కలదు. ఆ దినములు గడచుటకై దాచుకొనిన డబ్బును అతడు ఫీజుగా ఒక్కసారిగా కట్టివేసెను. నాలుగు మాసములు తిరుగకుండ సెంటరుకు తాళము పడెను. తండ్రి సంస్థ ప్రధాన కార్యాలయమునకు వ్రాయగా, “మా ఒడంబడిక సెంటరు నడుపువానితో, మీతో కాదు” అని జవాబు వచ్చెను. ఆ జవాబు న్యాయమా, కాదా అనునది తరువాతి మాట. చట్టము దృష్టిలో అది నిలుచునా?

ఆ ఒడంబడికపై ఆశ పెట్టుకొనిన మూడవవారు ఇంకను కలరు. గది అద్దెకిచ్చినవాడు కంపెనీ పేరు చూచియే ఇచ్చెను. పాఠము చెప్పినవారికి రెండు నెలల జీతము రావలసియున్నది. అదే పేరుతో కావలిలో సెంటరు నడుపు మరియొకడు, తన ఊరి విద్యార్థులను బోగోలువాడు లాగికొనరాదను నిబంధనను నమ్మి పెట్టుబడి పెట్టెను. వీరిలో ఎవరి సంతకమును ఆ కాగితముమీద లేదు.

దీనికి సామాన్య సూత్రము పాతది. ఒడంబడికలో పక్షము కానివాడు దానిపై దావా వేయజాలడు. 1861లో ఇంగ్లండున ట్వెడిల్, అట్కిన్సన్ అను వ్యాజ్యము నడచెను. వరుని తండ్రియు, వధువు తండ్రియు తలకింత సొమ్ము వరునికి ఇత్తుమని తమలో తాము వ్రాసికొనిరి. వధువు తండ్రి తనవంతు చెల్లింపకయే చనిపోయెను. అల్లుడు దావా వేసెను. ఆ కాగితము అతని మేలు కొరకే పుట్టినది. అతడు దావా వేయవచ్చునని కూడ అందు వ్రాసియుండెను. అయినను ప్రతిఫలము ఇచ్చినవాడవు నీవు కావని న్యాయస్థానము కొట్టివేసెను. 1915లో డన్‌లప్ టైర్ల కంపెనీ సెల్ఫ్‌రిడ్జి అను అంగడిమీద వేసిన వ్యాజ్యము మన విషయమునకు మరింత దగ్గరిది. నిర్ణీత ధరకు తక్కువగా టైర్లు అమ్మబోమని సెల్ఫ్‌రిడ్జి మాట ఇచ్చినది నడిమి వర్తకునికి, డన్‌లప్‌కు కాదు. డన్‌లప్ తన సరకే, తన ధరే అయినను ఓడిపోయెను. పెద్ద కంపెనీకైనను ఇతరుల కాగితము అక్కరకు రాలేదని దీనివలన తెలియుచున్నది.

మన కాంట్రాక్టు చట్టము ఒక విషయమున ఇంగ్లండుకంటె ఉదారమైనది. ప్రతిఫలమనగా ఒక మాటకు బదులుగా ఇచ్చునది. అది మాట పుచ్చుకొనినవాడే ఇయ్యనక్కర లేదు. “మరి ఏ వ్యక్తియైనను” ఇయ్యవచ్చునని ఆ చట్టము 2వ సెక్షను చెప్పుచున్నది. దీనికి న్యాయశాస్త్ర విద్యార్థులందరు చదువు ఉదాహరణము తెలుగు పేర్లు గల ఒక వ్యాజ్యమే. దానిని చిన్నయ్య, రామయ్యల వ్యాజ్యమందురు. 1880ల తొలి యేండ్లలో మద్రాసు హైకోర్టు దానిని తీర్మానించెను. నాడు మన నెల్లూరు సీమయు ఆ హైకోర్టు పరిధిలోనే యుండెను. ఒక తల్లి తన ఆస్తిని కుమార్తెకు దానముగా వ్రాసి, తన పుట్టింటివారికి ఏటేట 653 రూపాయలు చెల్లించుచుండవలెనని షరతు పెట్టెను. ఆ కుమార్తె పుట్టింటివారి పేరనే వేరుగా ఒక ఒప్పందము వ్రాసి ఇచ్చెను. తరువాత సొమ్ము చెల్లింపక, వారు తనకేమియు ఇయ్యలేదు గనుక తాను బద్ధురాలను కానని వాదించెను. ఆస్తి తల్లినుండి వచ్చినది. ఆ ప్రతిఫలము చాలునని హైకోర్టు చెప్పెను. పుట్టింటివారు గెలిచిరి.

ఈ వ్యాజ్యమును చూపి, మన దేశమున మూడవవానికి ఎప్పుడును హక్కు కలదని కొందరు పొరబడుదురు. గమనింపవలసిన సంగతి వేరు. ప్రతిఫలము వారు ఇయ్యకున్నను, మాట మాత్రము వారికే ఇయ్యబడినది. వారి చేతిలో తమ పేర ఒక కాగితము కలదు. వారి విజయమునకు ఆ కాగితము మూలము.

అట్టి కాగితము లేనిచో ఏమగునో 1969లో సుప్రీంకోర్టు తేల్చిన ఎం. సి. చాకో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ ట్రావన్‌కూర్ వ్యాజ్యము తెలుపుచున్నది. కేరళమున చాకో మేనేజరుగా నున్న ఒక బ్యాంకు మరియొక బ్యాంకునకు బాకీ పడెను. చాకో తండ్రి ఆ బాకీకి హామీ వ్రాసి ఇచ్చెను. తరువాత ఆయన తన ఆస్తిని కుటుంబమువారికి పంచి ఇచ్చుచు, ఆ బాకీ తీర్చవలసివచ్చినచో చాకో వాటానుండియే తీర్చవలెనని దస్తావేజున వ్రాసెను. బాకీ రావలసిన బ్యాంకు ఆ వాక్యమును పట్టుకొని ఆస్తిపై హక్కు కోరెను. ఆ దస్తావేజు కుటుంబమువారి నడుమ జరిగిన ఏర్పాటు. బ్యాంకు అందు పక్షము కాదు. బ్యాంకు కొరకు ఆస్తిని ప్రత్యేకించి ఉంచలేదు. కావున ఆ వాక్యముపై బ్యాంకునకు హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పెను. తెలుగు పేర్ల వ్యాజ్యమున గెలిచినవారికిని, ఇందు ఓడిన బ్యాంకునకును గల భేదము ఆ ఒక్క కాగితమే.

ఐనను ఈ సూత్రమను గోడకు కొన్ని తలుపులు కలవు. మొదటిది ట్రస్టు, లేక ఆస్తిపై విధించిన బాధ్యత. 1910లో ప్రివీ కౌన్సిలు తీర్మానించిన హుసైనీ బేగం వ్యాజ్యమున, మామగారు కోడలికి నెలకు 500 రూపాయలు తన ఆస్తి ఆదాయమునుండి చెల్లింతునని ఆమె తండ్రితో ఒప్పుకొనెను. ఆమె ఆ ఒప్పందమున పక్షము కాదు, అప్పటికి బాలిక. అయినను ఆస్తి ఆమెకై బాధ్యపడి యున్నది గనుక సొమ్ము ఆమెకు దక్కెను. ఇంగ్లండు అల్లుడు ఓడినచోట హిందూస్థానపు కోడలు గెలిచినది. రెండవది కుటుంబ ఏర్పాటు. వివాహ సందర్భమున చేసిన ఆస్తి ఏర్పాటుగాని, కుటుంబ తగవు తీర్చు రాజీగాని అయినచో, దానివలన మేలు పొందవలసినవాడు దాని అమలు కోరవచ్చునని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 15వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. మూడవది ఒప్పుకోలు. “నీకు చెల్లింపవలసినది మాయొద్ద ఉన్నది” అని మాట ఇచ్చినవాడు మూడవవానితో తానే ఒప్పుకొనినచో, తరువాత కాదనలేడు. నాలుగవది ఏజెన్సీ. నడిమివాడు కంపెనీ తరఫున పనిచేసినచో అతడు చేసినది కంపెనీ చేసినట్లే.

ఫ్రాంచైజీ విషయమున ఈ నాలుగవ తలుపు ముఖ్యమైనది. అందుచేతనే ఫ్రాంచైజీ కాగితములలో “ఇతడు మా ఏజెంటు కాడు” అను వాక్యము సాధారణముగా కనబడును. కాని ఆ వాక్యము వారిద్దరి నడుమ వ్రాసికొనినది. కంపెనీ తన మాటవలనగాని, నడతవలనగాని బయటివారిని నమ్మించినచో, అనుమతి లేని పనికైనను తానే బద్ధుడగునని కాంట్రాక్టు చట్టము 237వ సెక్షను చెప్పుచున్నది. రసీదు కంపెనీ ముద్రతో ఇచ్చిరా, ఫీజు కంపెనీ ఖాతాలో పడినదా, ప్రకటనలో “మా సెంటరు” అని వ్రాసిరా అను ప్రశ్నలు అప్పుడు విలువగలవగును. మత్స్యకారుడు దాచిపెట్టిన కరపత్రము సాక్ష్యమగుట ఇట్టిచోటనే.

మరికొన్ని తలుపులను శాసనసభలే తెరచినవి. దారిన పోవువానిని లారీ ఢీకొన్నచో, బీమా ఒడంబడిక లారీ యజమానికి, బీమా కంపెనీకి నడుమ ఉన్నది. దెబ్బతిన్నవాడు అందు ఎవరును కాడు. అయినను మోటారు వాహనముల చట్టము అతనికి రావలసిన పరిహారమును బీమా కంపెనీచే చెల్లింపజేయును. విద్యుత్తు విషయమును చూడుడు. 2003 నాటి విద్యుత్తు చట్టము ఫ్రాంచైజీ అను మాటకు అర్థము చెప్పి, పంపిణీ సంస్థ వేరొకనిద్వారా విద్యుత్తు సరఫరా చేయించినను ఆ ప్రాంతమందలి పంపిణీకి బాధ్యత మూల సంస్థదేనని నిర్ణయించెను. మన తెలుగు నేతగాండ్రు వలసపోయి మరమగ్గముల పనిచేయు మహారాష్ట్రమందలి భివండీలో 2007లో ఇట్టి ఫ్రాంచైజీ ఏర్పడెను. అచటి వాడుకదారుడు ఆ ఒడంబడికను చదువనక్కర లేదు. అతని హక్కు చట్టమునుండియే వచ్చుచున్నది.

గృహస్థులకు అన్నింటికంటె దగ్గరి తలుపు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. సరకు కొన్నవాడే కాక, అతని సమ్మతితో వాడుకొనువాడును వినియోగదారుడే. సేవకు డబ్బు కట్టినవాడే కాక, అతని సమ్మతితో ఆ సేవ పొందువాడును వినియోగదారుడే. అనగా మన ఉదాహరణమున తండ్రికి, కుమార్తెకు ఇరువురికిని ఫిర్యాదు చేయు హక్కు కలదు. విద్యాసంస్థలు పూర్వపు వినియోగదారుల చట్టము క్రిందకు రావని 2020లో జాతీయ వినియోగదారుల కమిషను తీర్పు చెప్పినను, కోచింగు సెంటర్లు వచ్చునని ఆ తీర్పునందే వేరుచేసి చెప్పెను. సరకుల విషయమున ఈ చట్టము మరి యొక అడుగు ముందుకు వేసినది. ఇతరులు చేసిన సరకుమీద తన ముద్ర వేయువాడును, వేయించువాడును తయారీదారుడే అగును. లోపమున్న సరకువలన కలిగిన హానికి అతనిని అడుగవచ్చును. “పలక మాది, సరకు మాది కాదు” అను సాకునకు ఇచట చోటు తగ్గినది.

ఫిర్యాదు చేయుటకు దూరము పోనక్కర లేదు. తాను నివసించు జిల్లా కమిషనులోనే వేయవచ్చును, బోగోలువారికి నెల్లూరు. చెల్లించిన మొత్తము 50 లక్షలు మించనిచో జిల్లా కమిషను విచారించును. 5 లక్షల వరకు రుసుము లేదు. కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లలోపల వేయవలెను. 1915 అను టెలిఫోను సంఖ్యకు పిలిచి సలహా అడుగవచ్చును. ఫిర్యాదులో సెంటరు నడుపువానిని, పేరు అద్దెకిచ్చిన సంస్థను ఇరువురిని చేర్చుట మంచిది. ఎవరి బాధ్యత ఎంతయో తేల్చుట కమిషను పని.

మరి గది యజమాని, జీతము రావలసిన బోధకుడు, కావలి వ్యాపారి మాటయేమి? వీరు వినియోగదారులు కారు. వీరికి పాత సూత్రమే వర్తించును. బోధకుడు జీతమునకు తన్ను నియమించినవానినే అడుగవలెను. కావలివాడు బోగోలువానిమీద ఆ ఒడంబడిక పట్టుకొని పోజాలడు. తనకును కంపెనీకిని గల ఒడంబడికలో తన ప్రాంతమును కాపాడుదుమని కంపెనీ మాట ఇచ్చియున్నచో కంపెనీనే అడుగవలెను. గది యజమాని అద్దెకిచ్చునపుడే కంపెనీచేత హామీ వ్రాయించుకొని యుండవలసినది.

ఇతర దేశములు ఈ గోడను చాలవరకు తగ్గించినవి. అమెరికాలో న్యూయార్కు న్యాయస్థానము 1859లోనే లారెన్సు, ఫాక్సు వ్యాజ్యమున మూడవవానికి హక్కు నిచ్చెను. ఈ సూత్రమునకు పుట్టినిల్లయిన ఇంగ్లండు 1999లో చట్టము చేసి, పేరుతోగాని, వర్గముగాగాని, వర్ణనతోగాని మూడవవానిని ఒడంబడికలో గుర్తించి, అతనికి హక్కు కలదని వ్రాసినను, మేలు చేయనెంచినను, అతడు దావా వేయవచ్చునని చెప్పెను. సంతకము చేసినవారికి ఆ ఉద్దేశము లేదని కాగితమువలన తేలినచో మాత్రము, మేలు చేయనెంచిన మాత్రమున హక్కు రాదు. మన దేశమున లా కమిషను 1958లో తన 13వ నివేదికలో ఇట్టి సెక్షనును చేర్చవలెనని సిఫారసు చేసెను. ఆ సిఫారసు కాంట్రాక్టు చట్టమున చేరలేదు. నేటి ఫ్రాంచైజీ కాగితములలో మూడవవారికి ఎట్టి హక్కులును లేవను వాక్యము తరచుగా కనబడుచుండును.

చట్టము మారువరకు మనము చేయదగినది చిన్న పనియే. డబ్బు కట్టునపుడు రసీదుమీద ఎవరి పేరున్నదో చదువవలెను. సెంటరు మూతపడినచో పూచీ ఎవరిదని అడిగి, ఆ సమాధానమును ఒక్క వాక్యమైనను మన పేర వ్రాయించుకొనవలెను. ఏడాది సొమ్ము ఒక్కసారిగా కట్టుమన్నచో, వాయిదాలలో కట్టుదుమనవలెను. ఫ్రాంచైజీ తీసికొనువారు తమ కాగితమున విద్యార్థుల కొరకు, కొనుగోలుదారుల కొరకు ఒప్పుకొనిన మాటలను విడిగా ముద్రించి వారి చేతికి ఇచ్చినచో, రేపు తమకు కలుగు తగవులును తగ్గును. కరపత్రము, రసీదు, ఉత్తరము వీనిని పారవేయరాదు.

నూట నలుబది యేండ్ల క్రిందట 653 రూపాయల కొరకు మద్రాసు హైకోర్టుకు పోయిన ఆ కుటుంబమువారు న్యాయశాస్త్రము చదివినవారో కారో మనకు అక్కర లేదు. ఇతరులు తమను గూర్చి మంచిమాట వ్రాసికొనిరని విని ఊరకుండక, ఆ మాటను తమ పేర మరియొకసారి వ్రాయించుకొనిరి. జువ్వలదిన్నె తండ్రికిని, మన ఇండ్లలో ఫీజులు కట్టు తండ్రులందరికిని మేము చెప్పదలచిన మాట అదియే.